రెండో గ్యాస్కెట్

రండి, రండి, దగ్గరికి జరగండి. ఆ బల్ల మీద ముగ్గురు పడతారు, నలుగురు కూర్చుంటే చివరివాడు నీళ్లలో పడతాడు, అది నా పూచీ కాదు. ఫోన్లు జేబుల్లో పెట్టుకోండి, కబుర్లు కట్టిపెట్టండి. మీ పడవ మోటారు డ్రమ్ములో వేడెక్కడానికి గంట పడుతుంది, ఆ గంట నాది. ఊరికే కూర్చునే గంట ఎంత పొడుగో నాకు తెలుసు. ఇదే డ్రమ్ము ముందు, ఇదే పీట మీద ఒక గంట కూర్చున్నాను. ఆ గంటలో బయట జరిగింది చెప్పాలంటే రెండే ముక్కలు: మోటారు నడిచింది, నీళ్లు కారాయి. మిగతాదంతా నా తలకాయలో జరిగింది. ఆ తలకాయలోకే మిమ్మల్ని తీసుకెళ్తున్నాను, చెప్పులు బయట విప్పి రండి.

ఈ రేవులో నన్ను డబుల్ అంటారు. గ్యాస్కెట్ తెలుసుగా, రెండు ఇనుప ముఖాల మధ్య నీళ్లు బయటికి రాకుండా పెట్టే అట్టముక్క. లోకమంతా ఒకటి వేస్తుంది, నేను రెండు వేస్తాను. వేసి ఊరుకోను, రేవంతా చెప్పుకుంటాను. ఒకటి చిరిగితే ఇంకోటి ఉంటుంది కదా, చొక్కా కింద బనియన్ లేదా మనకి, అంటాను. నా కథలు కూడా అలాంటివే. నేను బాగుచేసిన పడవ ఒకటి ఎంత జోరుగా పోయిందంటే అవతలి ఒడ్డుకి ముందు పడవ చేరింది, ఆ వెనక దాన్ని నడిపే సరంగు చేరాడు, సాయంత్రానికి అతని నీడ చేరింది. జనం నా మాటని సగానికి కోసుకుని నమ్ముతారు. ఆ రోజు మాత్రం వాళ్లు నమ్మాల్సింది నా మాటని కాదు, నా పనిని. మా మామకి కూతుళ్లు ఇద్దరు, ఈ రిపేరు షెడ్డు ఒకటి. షెడ్డుని రంపంతో కోయలేం. పెద్దకూతురిని నేను చేసుకున్నాను, చిన్నకూతురిని చేసుకున్నవాడు నా తోడల్లుడు. ఇద్దరికీ పని నేర్పింది మామే. ఆయన చేతులు వణకడం మొదలై నట్టు పట్టుకుంటే నట్టే ఆయన్ని తిప్పే రోజులొచ్చాక, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఒక మాటన్నాడు. సరంగు మోటారు ఒకటి ఎక్కడినుంచో నీళ్లు కారుస్తోంది, అది ఎవరు ఆపితే షెడ్డు తాళం వాళ్లది. ఓడినవాడు గెలిచినవాడి కింద పనిచేయాలి. "నిన్న చిన్నోడు చూశాడు, దొరకలేదు. ఇవాళ పెద్దోడు చూస్తాడు. నాలుగింటికి సరంగు జనాన్ని ఎక్కించుకోవాలి, ఆ లోపలే" అన్నాడు. అప్పుడు టైము మూడు.

మోటారు టోపీ తీశాను. టోపీ అంటే పైన ఉండే ప్లాస్టిక్ మూత. డ్రమ్ము నిండా నీళ్లు, అందులో మోటారు కాలు, అంటే నీళ్లలో మునిగే కింది భాగం, తాడు లాగితే రెండో లాగుడికే అందుకుంది. మామ నేర్పిన పద్ధతి ఒకటుంది. కారే చోటు కంటికి కనపడదు, నీళ్లు ఒక దగ్గర పుట్టి ఇంకో దగ్గర చుక్కగా పడతాయి, పుకారులాగా. అందుకని ప్రతి అతుకునీ గుడ్డతో ఆరదుడిచి, సుద్దపొడి బ్రష్షుతో పూయాలి. తెల్లటి మోటారు తయారవుతుంది, పెళ్లికి ముస్తాబైనట్టు. ఎక్కడ తెలుపు నల్లబడితే అక్కడే పుట్టింది నీరు. ఈ మోటారు చల్లగా ఉంటే కారదు, వేడెక్కాలి, కాబట్టి పూసి కూర్చోవాలి. నా బ్రష్షు తెలుసు అందరికీ, నీలం రంగు పిడి, పిడి చివర తెగి మొండిగా ఉంటుంది, పన్నెండేళ్ల నాటిది. పూశాను. సుద్ద వాసన ముక్కుకి తగిలితే నాకు బడి గుర్తొస్తుంది, అంటే బడి కాదు, బడి గోడ. ఆ గోడ దూకి నేను పారిపోయిన రోజు పలక జారి పగిలింది, అంతటితో చదువైపోయింది. పలక మీద పనికిరాని సుద్ద మోటారు మీద పనికొచ్చింది చూశారా, అని చుట్టూ ఉన్నవాళ్లతో అన్నాను. నవ్వారు. నవ్వితే నాకు తిండి అక్కర్లేదు. సరంగు, అతని ప్రయాణికులు పదిమంది, అక్కడ అంచున గాలం వేసుక్కూర్చునే తాత, కుర్చీలో మామ, షెడ్డు తలుపు దగ్గర నిలబడి చేతులు తుడుచుకుంటున్న ఎనిమిది. ఎనిమిది అంటే మా తోడల్లుడు. ఎడమచేతికి ఐదు వేళ్లు, కుడిచేతికి మూడు. లెక్క కట్టింది నేనే, పేరు పెట్టింది నేనే. ఇప్పుడు వాళ్ల పిల్లలు కూడా బళ్లో నాన్న పేరేంట్రా అంటే ముందు ఎనిమిది అనేసి తర్వాత నాలిక కరుచుకుంటారు.

డుగుడుగుడుగు. చల్లటి మోటారు దగ్గు వేరు, వేడి మోటారు దగ్గు వేరు. వెనకవైపు చిన్న రంధ్రం లోంచి సన్నటి ధార పడుతోంది డ్రమ్ములోకి, పసిపిల్లాడు పోసినట్టు. కొత్తవాళ్లు అదే లీకనుకుంటారు. కాదు. అది మోటారు ఉచ్చపోయడం. కింద రబ్బరు రెక్కల పంపు నీళ్లని పైకి తోస్తుంది, ఆ నీళ్లు ఇంజన్ చుట్టూ తిరిగి చల్లబరుస్తాయి, ఆ నీళ్లలోంచి ఒక ధార బయటికి వచ్చి మనకి చెబుతుంది, బాబూ నేను బాగానే ఉన్నాను అని. ధార ఆగిందంటే లోపల నీళ్లు లేవు, ఇంజన్ కాలిపోతోంది, వెంటనే ఆపాలి. పడవ నడిపేవాడు ముందు చూడాల్సింది ఒడ్డుని కాదు, ఆ ధారని. ఆ ధారని చూస్తూ కూర్చున్నాను, కూర్చోకూడదు, సుద్దని చూడాలి, కళ్లు మాత్రం ధార మీదికే పోతున్నాయి. నీలం రంగు. పిడి చివర. వద్దు, సుద్ద చూడు. ఎనిమిది అక్కడ చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు, ఉన్న వేళ్లు తుడవడానికి అంతసేపు ఎందుకో, నిన్న సాయంత్రం కూడా అలాగే తుడుచుకుంటూ, నాకు దొరకలేదు మామా, అన్నాడు. పంపు రబ్బరు మార్చాడు, గొట్టం మార్చాడు, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఒక్కడే షెడ్డులో కూర్చున్నాడు. దొరకలేదు. రేవంతా నవ్వింది, అందరికంటే గట్టిగా నేను నవ్వాను. ఇంటికెళ్లి మా ఆవిడకి చెబితే ఆవిడ నవ్వలేదు. అన్నం పెడుతూ, "మా చెల్లెలి మొగుడికి దొరకని లీకు ఈ ఊళ్లో లేదు, మీరు జాగ్రత్త" అంది. కట్టుకున్న పెళ్లాం. ఆ మాటకి రెండు ముద్దలు తక్కువ తిన్నాను. రెండంటే రెండే, ఇది పెంచి చెప్పింది కాదు.

ఎందుకంటే వాడి చేతికి చెవి ఉంది అనేవాడు మామ. వాడు వచ్చిన కొత్తలో, ఇంకా పది వేళ్లున్నప్పుడు, మోటారు మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకుని, మామా, రెండో ప్లగ్గు ఒక్కోసారి మిస్సవుతోంది, అనేవాడు. తీసి చూస్తే నిజం. నేను ఆ పాటికి నాలుగేళ్లు చేశాను, నా చేతికి చెవి ఉందని ఎవరూ అనలేదు, వీపుకి మాత్రం చాలా చెవులుండేవి, మామ పానా ఎటునుంచి వస్తోందో ముందే వినడానికి. కొత్తగా వచ్చినప్పుడు ఆయన నాకు జల్లెడ ఇచ్చి, డ్రమ్ములో నీళ్లు జల్లించు, ముద్దలుంటే తీసెయ్, అన్నాడు. సగం పూట జల్లించాను. రేవంతా చూసి కడుపులు పట్టుకుంది. ఒకాయన అయితే వంగి చూసి, బాబూ ఇంకా నలకలున్నాయి, అన్నాడు. కొత్తవాడిని ఇలా ఏడిపించడం ఈ రేవు పద్ధతి, నన్ను ఏడిపించారు, నేను వీడిని ఏడిపించాలి, న్యాయమే కదా. అందుకని ఒక ఉదయం వాడు ఒంటరిగా చిన్నపడవ తీసుకుని అవతలి ఒడ్డుకి వెళ్తుంటే ఆ ధార చూపించి, తమ్ముడూ, లీకు కనపడటం లేదా నీకు, చేతికి చెవులున్నాయి గానీ మొహానికి కళ్లు లేవా, అన్నాను. నా బ్రష్షు పిడి చివర కోసి, చాకుతో చెక్కి, బొటనవేలి గోరంత బిరడా చేసిచ్చాను. "మామ చూడకముందే ఆ రంధ్రంలో దిగ్గొట్టెయ్, మెచ్చుకుంటాడు" అన్నాను. వాడు నాకు దణ్ణం పెట్టాడు. ఇది ఇప్పటిదాకా మీకు ఎవరూ చెప్పి ఉండరు, ఆ గంట దాకా నేనూ నాకు చెప్పుకోలేదు.

పావుగంట. సుద్ద తెల్లగా ఉంది. గాలం తాత దారం గుంజి ఖాళీ కొక్కెం చూసుకుని మళ్లీ వేశాడు. పదిహేనేళ్లుగా ఆయన అక్కడే కూర్చుంటాడు, ఒక్క చేప పడలేదు. ఎందుకు తాతా అంటే, నది తప్పు వైపుకి పారుతోందయ్యా, ఇటు పారితే చేపలన్నీ నా దగ్గరికే వచ్చేవి, అంటాడు. చెయ్యి పెట్టి చూశాను, ఇంజన్ గోరువెచ్చగా ఉంది, పసిదాని ఒళ్లులాగా. వాడు నా బిరడా కొట్టుకుని వెళ్లిన రోజు ఆ ఇంజన్ ఎంత కాలిందో, నేను లేను కదా, చెప్పడం మాత్రం చెప్పాను, ఎంత వేడెక్కిందంటే చుట్టూ ఉన్న చేపలు చెమటలు పట్టి ఒడ్డెక్కి నీడలో నిలబడ్డాయని. నడినదిలో ప్లాస్టిక్ సంచి ఒకటి వచ్చి పంపు నోటికి అడ్డంపడింది. నీళ్లు ఆగాయి. మామూలుగా అయితే ధార ఆగేది, వాడు చూసేవాడు, మోటారు ఆపేవాడు. ధార లేదు కదా ఆగడానికి. పొగ వచ్చింది. వాడు గాభరాగా టోపీ ఎత్తాడు, పెద్ద పడవ ఏదో పక్కనుంచి పోయింది, అల కొట్టింది, వాడు తూలాడు, పైన గిర్రున తిరిగే చక్రంలోకి కుడిచెయ్యి పోయింది. రెండు వేళ్లు. ఒకటి పడవలో దొరికింది. రెండోది దొరకలేదు. అది ఒక చేప మింగిందనీ, అప్పటినుంచి ఆ చేప మిగతా చేపలకి దారి చూపిస్తోందనీ చెప్పాను నేను. మొదటిసారి చెప్పింది వాడు ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి, వాడి ముందే. అందరూ నవ్వారు. వాడు మూడు వేళ్లతో టీ గ్లాసు పట్టుకోవడం నేర్చుకుంటున్నాడు, గ్లాసు జారి పగిలింది, మళ్లీ నవ్వారు. తిరుగుతున్న మోటారులో చెయ్యి పెట్టిన వెర్రివాడు అని పేరు పడిపోయింది. పడవని ఒడ్డుకి లాక్కొచ్చిన రోజు నేను ముందు పరుగెత్తింది వాడి దగ్గరికి కాదు, మోటారు వెనక్కి. రంధ్రం ఖాళీగా ఉంది. బిరడా నదిలో పడిపోయింది కాబోలు అనుకున్నాను, దేవుడున్నాడు అనుకున్నాను. వాడు ఎవరితోనూ ఏమీ అనలేదు. ఎందుకు అనలేదు? పదకొండేళ్లు నేను ఆ ప్రశ్న పక్కనుంచి నడిచిపోయాను, రోడ్డు మీద అప్పిచ్చినవాడు ఎదురైతే పక్కసందులోకి తిరిగినట్టు.

మామ దగ్గాడు. "ఏమైనా కనపడిందా?"

"వస్తోంది మామా, కాన్పు దగ్గరపడింది" అన్నాను. నవ్వారు. ఎనిమిది నవ్వలేదు. "అన్నయ్య చేతిలో పడ్డాక దొరక్కుండా ఎక్కడికి పోతుంది" అన్నాడు, మెత్తగా. ఆ మెత్తదనం నాకు అప్పుడే గుచ్చుకోవాల్సింది.

అరగంట. ఇంజన్ మీద చెయ్యి ఆనడం లేదు. పైభాగంలో గుప్పిట్లో పట్టేంత చిన్న మూత ఒకటుంది, నాలుగు బోల్టులతో. దాని కింద, నీళ్లు బాగా వేడెక్కితేనే తెరుచుకునే చిన్న తలుపు లాంటిది ఉంటుంది. అది తెరుచుకున్న చప్పుడు వినపడదు, నాకు మాత్రం వినపడినట్టైంది. మూత అంచున తెలుపు మీద ఒక చుక్క. నల్లగా. ఆవగింజంత. అది రేగుగింజంతయింది. సాగి గీతయింది, గీత కిందికి దిగింది, పళ్లూడిన ముసలమ్మ పెదవి చివర నుంచి జారినట్టు. దొరికింది. ఛాతీ పొంగింది, షెడ్డు నాది, తాళం నాది, వీడు నా కింద పని చేస్తాడు, మూడు వేళ్లతో బక్కెట్లు మోస్తాడు, నోరు తెరిచాను అరవడానికి. తెరిచి, వంగి, ఆ అంచుని చూశాను. నీళ్లు కడిగిన చోట సుద్ద పోయి అట్ట అంచు కనపడుతోంది. ఒక గీత కాదు. రెండు గీతలు. ఒకదాని మీద ఒకటి, పైది కొంచెం పక్కకి జారి, రెండు పెదవుల్లాగా నన్ను చూసి నవ్వుతున్నాయి.

నోరు మూసుకున్నాను. తొమ్మిది నెలల కింద మామ ఆసుపత్రిలో ఉన్నప్పుడు సరంగు ఈ మోటారు తెచ్చాడు, ఆ మూత తీసింది నేను, బిగించింది నేను. ఎవరూ లేరు అప్పుడు, సరంగు కూడా టీకి వెళ్లాడు, నేను ఏ మూత విప్పానో అతనికి తెలియదు, మామకి చెప్పలేదు, సరంగిచ్చింది జేబులో వేసుకున్నాను. ఈ నదిమీద ఇన్ని రేవులున్నాయి, రెండు గ్యాస్కెట్లు వేసేవాడు ఒక్కడే. చొక్కా కింద బనియన్ అని చెప్పి చెప్పి రేవులో పిల్లికి కూడా నేర్పాను. మామ నాకు చెప్పాడు మొదట్లోనే, రెండు మెత్తటివి ఒకదానిమీద ఒకటి పెడితే జారతాయిరా, ఇనుముకి ఇనుము దగ్గర కావాలి, మధ్యలో పరుపు కాదు, అని. ఎదురుగా సరేనని, వెనకాల నా పని నేను చేశాను. ఇప్పుడు ఆ మూత తెరిస్తే లీకు దొరికినవాడిని నేను, లీకు పెట్టినవాడినీ నేనే. తెరవకపోతే నాలుగింటికి ఓడిపోయినవాడిని. టైము మూడున్నర. పద్నాలుగు జతల కళ్లు. బుర్ర పరుగెత్తింది, బోనులో ఎలకలాగా, అటు వెళ్లి ఇటు వచ్చి మళ్లీ అటు. ఒకటి తీసి దాచేస్తే చాలు కదా. చిన్నది, తడిసి నానిన అట్టే కదా. వీపు అందరికీ అడ్డం పెట్టి, ఒకటి లాగేసి, మిగిలింది చూపించి, ఇదిగో చిరిగింది, ఎవడో చేతకానివాడు వేశాడు, అంటే. ఎవడో ఎందుకు. పేరున్న చేతకానివాడు ఇక్కడే నిలబడి చేతులు తుడుచుకుంటున్నాడు కదా. ఒకసారి వాడి మీద వేసింది పదకొండేళ్లు నిలబడింది. ఇంకోటి నిలబడదా. ఆలోచన వచ్చాక నాకు సిగ్గు వేసిందని చెబితే మీరు సంతోషిస్తారు. వేయలేదు. చల్లగా హాయిగా ఉంది, ఎండలో వచ్చి కుండలో నీళ్లు తాగినట్టు.

మోటారు ఆపాను. నిశ్శబ్దం చెవుల్లో గంటలాగా మోగింది. బ్రష్షు చంకలో పెట్టుకుని, అందరికీ వీపు తిప్పి పానా తగిలించాను. సముద్రపు పోటుకి నదిలోకి ఎక్కే ఉప్పునీళ్లు, అవి తొమ్మిది నెలలు తగిలాక బోల్టులు తుప్పు పట్టి బిగుసుకుపోవాలి, ఒక్కటి లోపల విరిగిందా ఇంజనే పోతుంది, కాస్త మంట చూపించాలి, సుత్తితో తట్టాలి, బతిమాలాలి. అవేమీ అక్కర్లేదు. అరటిపండు ఒలిచినట్టు నాలుగూ వచ్చేశాయి. నా అదృష్టం అనుకున్నాను. తెలివైనవాడైతే, నిన్ననే ఎవడో వీటిని విప్పాడు అనుకునేవాడు. మూత ఎత్తాను. ఆవిరి మొహానికి కొట్టింది. మూత గుంటలో, తడిసి గుడ్డలా మెత్తబడ్డ నా రెండు గ్యాస్కెట్ల నడిమి కన్నంలో, ఎవరో ఒద్దికగా పడుకోబెట్టినట్టు, బొటనవేలి గోరంత కొయ్యముక్క. ఒక వైపు సన్నగా చెక్కి. నీలం రంగు.

నదిలో పడలేదు అది. ఆ రోజు రక్తం కారుతున్న కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో వాడు దాన్ని పీకి జేబులో వేసుకున్నాడు. పదకొండేళ్లు దాచాడు. డబ్బాలోనో, అలమరలోనో, పెళ్లాం చీరల కిందో, నేను చేప కథ చెప్పినప్పుడల్లా జేబులో పెట్టుకుని వచ్చి వేళ్లతో తడుముకుంటూ విన్నాడో. నిన్న ఈ మూత విప్పి నా రెండు గీతలూ చూశాడు. లీకు దొరికింది వాడికి. దొరికినా నోరు విప్పలేదు, ఎక్కడివి అక్కడ సర్ది, మధ్యలో ఇది పెట్టి, బిగించి, చేతులు తుడుచుకుని, నాకు దొరకలేదు మామా అన్నాడు. నేను నవ్వుతుంటే నిలబడి నా నవ్వు విన్నాడు. ఆలోచించడానికి సమయం లేదు. జేబులో పెడితే సరంగు పక్కనే ఉన్నాడు, డ్రమ్ములో వేస్తే కొయ్య తేలుతుంది. నోట్లో వేసుకున్నాను. కొయ్యముక్క ఒక బుగ్గన, ఒక గ్యాస్కెట్ ఉండచుట్టి ఇంకో బుగ్గన. ఉప్పు, నూనె, కాలిన సుద్ద. వేడి. నాలిక పొక్కింది. ఇటు తిరిగి మిగిలిన గ్యాస్కెట్ పైకెత్తి చూపించాను.

"ఒకటేనా?" అన్నాడు మామ.

తల ఊపాను.

"ఎవడు వేశాడు దాన్ని?"

వేలెత్తి ఎనిమిది వైపు చూపించాను. అబద్ధం ఆడలేదు చూడండి, నోరు ఖాళీగా లేదు. మాట లేకుండా వేలితోనే ఆడాను. రేవు నన్ను వింతగా చూసింది, ఎందుకంటే మాట్లాడని డబుల్‌ని వాళ్లు పుట్టాక చూడలేదు. ఒకామె తన పక్కనున్న ఆమెతో, ఈయనకి పక్షవాతమేమో, అంది. ఎనిమిది నింపాదిగా నడిచి వచ్చాడు. నా ముందు నిలబడ్డాడు. "అవును మామా, నేనే వేశాను. ఎన్ని వేశానో అన్నయ్యని చెప్పమనండి" అన్నాడు. నేను ఉబ్బిన రెండు బుగ్గలతో మామని చూశాను. "అన్నయ్యా, నోట్లో ఏంటి, పిప్పరమెంటా?" అన్నాడు ఎనిమిది.

మామ లేచాడు. ఆయన లేవడమే ఒక పని, కుర్చీ కూడా ఆయనతో పాటు సగం లేచి కింద పడింది. వచ్చి, వణికే అరచెయ్యి నా గడ్డం కింద పట్టాడు, పసిపిల్లాడు నేల మీద దొరికింది నోట్లో పెట్టుకుంటే పట్టినట్టు. "ఉమ్మెయ్" అన్నాడు. నలభై ఆరేళ్లు నాకు. మీసం ఉంది. మా ఆవిడ అప్పుడే టీ ఫ్లాస్కు తీసుకుని మెట్లు దిగుతోంది, ఆగిపోయింది. "ఉమ్మెయ్రా." ఉమ్మాను. ముందు గ్యాస్కెట్ పడింది, చచ్చిన కప్పలాగా. రేవంతా ఒక్కసారి, డబుల్ పని, అంది. మామ అరచెయ్యి తీయలేదు. "ఇంకోటి" అన్నాడు. అది కూడా వచ్చింది. ఆయన ఆ నీలం ముక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత నా చంకలోంచి బ్రష్షు లాక్కున్నాడు. వణికే చేతులతో ఆ ముక్కని పిడి మొండికి ఆనించాడు, మూడుసార్లు తప్పింది, నాలుగోసారి ఎనిమిది తన మూడు వేళ్లతో ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు, అప్పుడు అతికింది. చాకు చెక్కిన మందం తప్ప అంతా సరిపోయింది, నీలానికి నీలం. "ఎక్కడిదిరా ఇది?" అన్నాడు మామ. "ఉచ్చపోసే రంధ్రంలోది మామా. లీకని చెప్పి అన్నయ్య చెక్కిచ్చాడు. వేళ్లు పోయిన రోజు" అన్నాడు వాడు, వాతావరణం చెబుతున్నట్టు. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదురా అని మామ అడిగితే, "చెబితే మీరు అన్నయ్యని రెండు తన్ని వదిలేసేవాళ్లు. షెడ్డు తాళం ఇచ్చే రోజు కోసం ఆగాను" అన్నాడు.

ఆ తర్వాతది పని. వాడు రెండు ముఖాలూ బ్లేడుతో గీకి అద్దంలా చేశాడు, కొత్తది ఒకటి, ఒక్కటే, పలచగా గ్రీజు రాసి పెట్టాడు, బోల్టులు ఎదురెదురు కోణాలుగా కొంచెం కొంచెం బిగించాడు. మళ్లీ సుద్ద పూశాడు, నా బ్రష్షుతోనే. పట్టుకోమని సుద్ద డబ్బా నా చేతికిచ్చాడు. నాలుగింటికి పది నిమిషాలు తక్కువ, మోటారు కాగుతోంది, తెలుపు తెలుపుగానే ఉంది. సరంగు నన్ను దాటుకుంటూ వెళ్లి జనాన్ని ఎక్కించుకున్నాడు. తాళం మేకు మీదినుంచి దిగి మూడు వేళ్ల మధ్యకి వెళ్లింది. ఫ్లాస్కు నా ముందునుంచే పోయి వాడి ముందు ఆగింది. మా ఆవిడ వాడికి టీ పోస్తూ ఏడ్చింది, నాకు పోయలేదు, ఏడవనూ లేదు. నేను వెళ్లిపోతానన్నాను. "ఎక్కడికి వెళ్తావన్నయ్యా, ఒప్పందం ఒప్పందమే, నా కింద పని చేయాలి" అన్నాడు. ఏం పని అన్నాను. "నీకు వచ్చిందే. మోటారు వేడెక్కేదాకా గంటసేపు జనానికి తోచదు. వచ్చినవాళ్లందరికీ ఇది చెప్పు. ఉన్నది ఉన్నట్టు. ఒకటికి ఒకటే" అన్నాడు. అదిగో, ఆ తలుపు దగ్గర చేతులు తుడుచుకుంటూ వింటున్నది ఆయనే. నేను ఎక్కడైనా పెంచితే పానాతో డ్రమ్ము మీద ఒక్కటి కొడతాడు, మళ్లీ మొదటినుంచి చెప్పాలి. చేపల చెమటకీ సరంగు నీడకీ ఒప్పుకున్నాడు, అవి అబద్ధాలని అందరికీ తెలుసు కాబట్టి. వేళ్ల దగ్గర మాత్రం ఒక్క అక్షరం కదలనివ్వడు. మీతో కలిపి మూడొందలసార్లు పైనే చెప్పి ఉంటాను, నిన్నటికి నిన్న ఒక పెళ్లిబృందానికి చెప్పాను. పెళ్లికొడుకు నాకు ఎదురుగా కూర్చోవడం మానేసి అటు జరిగాడు.

మీ మోటారు కాగినట్టుంది, లేవండి. ఆ, ఒకటి మిగిలిపోయింది. నేను నోరు తెరిచి, గడ్డం మీద చొంగతో, మామ అరచేతిలోకి ఆ నీలం ముక్క వదిలిన క్షణం ఉంది చూశారూ. అప్పుడు గాలం తాత లేచాడు. పదిహేనేళ్లలో ఆయన తన చోటు వదిలి రావడం అదే మొదలు. జనాన్ని తోసుకుంటూ వచ్చి, మామ అరచేతిలోకి వంగి చూసి, నా నోట్లోకి వంగి చూసి, ఎనిమిది భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి అడిగాడు: "ఏ ఎర వేశావయ్యా?"